నా దర్జీతో పాలమూరు శిబిరానికి

మహబూబ్‌నగర్‌లో మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్లి వచ్చానంటే మా ఆలేరు బజారులో నమ్ముతారు. అడిగినంత రుసుము కట్టి వెళ్లానంటే మాత్రం ఎవరూ నమ్మరు. నేను బట్టల దుకాణంలో, తానుల మధ్య పాకి పెరిగినవాణ్ణి. అక్షరాలకన్నా ముందు మా నాయిన నాకు నేర్పింది ఒకటే: ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ముందు మొహం అదోలా పెట్టాలి, తర్వాత దాంట్లో ఒక లోపం చెప్పాలి, ఆ తర్వాతే ధర అడగాలి. ఆ మొహం నాకు అట్లాగే అతుక్కుపోయింది. పెళ్లిచూపుల్లోనూ అదే మొహం పెట్టానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ప్రయాణం నా కోసం పెట్టుకున్నది కాదు, యాకూబ్ కోసం. యాకూబ్ మా దుకాణం అరుగు మీద మిషను వేసుకుని కుట్టే దర్జీ. పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. మా దగ్గర గుడ్డ కొన్నవాళ్లు అతనికి కొలతలిస్తారు. కూలి నాకిస్తారు. అందులో అతని భాగం అతనికి నేనిస్తాను. చేతిలో అంత పనితనం ఉన్న మనిషికి నోరు మాత్రం లేదు. ఎవరైనా "ఎంతియ్యాలె?" అంటే తల గోక్కుంటాడు. రెండేళ్ల కింద భువనగిరిలో ఒక పెద్ద దర్జీ దుకాణం వాళ్లు పిలిస్తే వెళ్లాడు. ఏం పని వచ్చని వాళ్లడిగితే "ఏదో వస్తది" అన్నాడట. వాళ్లు గుండీలు కుట్టడానికి కూర్చోబెట్టారు. నాలుగో రోజుకు మళ్లీ మా అరుగు మీదికి వచ్చేశాడు.

అతని భార్య రజియా తమ్ముడు షాద్‌నగర్‌లో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడ కటింగ్ మాస్టర్ కావాలని, సోమవారం బావను పంపమని కబురు పెట్టాడు. ఆ కబురుతో పాటు ఒక కరపత్రం కూడా. శుక్ర, శని, ఆదివారాలు మహబూబ్‌నగర్‌లో శిబిరం. 'మనస్తత్వ శాస్త్రం ఆధారంగా మీ విలువ మీరే తెలుసుకోండి' అని అచ్చు వేశారు. రజియా ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"అన్నా, మీరు రూపాయి దాన్ని అర్ధ రూపాయికి తెస్తరు. మా ఆయన ఎంబడి పోయి, గా ఫ్యాక్టరీల జర మంచిగ మాట్లాడుండ్రి. ఇద్దరు పిల్లలు బడికి పోతున్నరు. గీ అరుగు మీద ఇంకెన్నేండ్లు?"

నేను సరేనన్నాను. ఎందుకన్నానో దాచుకోను. మహబూబ్‌నగర్‌లో నారాయణపేట చీరలు టోకుగా తీసుకోవచ్చు, అదొకటి. రెండోది, యాకూబ్ ఎట్లాగూ ఎక్కడా నిలవడు, తిరిగి నా అరుగు మీదికే వస్తాడు, నాకు మాత్రం మంచిపేరు మిగులుతుంది. దసరాకు ముందు ఒక గురువారం తెల్లవారుజామున బస్సెక్కాం.

నల్గొండలో ఉప్మా

నల్గొండ బస్టాండు ఎదురుగా హోటల్లో దిగి ఇద్దరికీ పూరి చెప్పాను. నాకు పూరి వచ్చింది. యాకూబ్ ముందు చల్లారిన ఉప్మా పెట్టాడు సర్వరు. ఉప్మా అంటే యాకూబ్‌కు పడదని మా బజారంతటికీ తెలుసు. నేను చట్నీ రెండోసారి అడగడంలో ఉండి చూడలేదు. చూసేసరికి ప్లేటు సగమైంది.

"పూరి చెప్పినం గద యాకూబ్, ఉప్మా ఎందుకు తింటున్నవ్?"

"తెచ్చిండు గద సేటు. మల్ల వాపస్ కొండవొమ్మంటే ఏమనుకుంటడో."

"తినేటోనివి నువ్వు. వాడేమనుకుంటే నీకెందుకు?"

"ఒక్క పూట గద."

సర్వరును పిలిచి గట్టిగా నాలుగు మాటలని, ఉప్మా డబ్బులు తీసేయించి, యాకూబ్‌కు పూరి కూడా తెప్పించాను. గెలిచానన్న సంతోషంతో నీళ్లు తాగబోతే అవి ఉప్పగా ఉన్నాయి. నల్గొండ నీళ్లతో నాకు బేరం కుదరదు. మా ఆలేరు బావినీళ్ల గొప్ప నాకు ఎప్పుడూ ఇక్కడే గుర్తొస్తుంది.

దేవరకొండ బస్సులో

దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్ పోయే బస్సులో మా ముందు సీట్లో ఒకామె కూర్చుంది. కాళ్ల దగ్గర రెండు పారలు, ఒళ్లో ఒకదాంట్లో ఒకటి పెట్టిన నాలుగు మట్టి మోసే ఇనుప గమేళాలు, వాటిలో మూట. పేరు ఎల్లమ్మ. పాలమూరు మనిషి. ఎక్కడో కాలువ పనిలో ఎనిమిది నెలలు మట్టి ఎత్తి పండక్కి ఇంటికి పోతోంది. కండక్టరు గమేళాలకు లగేజి టికెట్ అన్నాడు.

"గమేళల మూట వెట్టిన, గమేళ ఒళ్ల వెట్టుకున్న. ఇగ నీ బస్సుల నా సామానేడుంది?" అంది ఆమె. కండక్టరు నవ్వి ముందుకు జరిగాడు. నేను మనసులో దండం పెట్టాను. నాకు ఇంత తొందరగా తెగిన బేరం ఒక్కటీ లేదు.

ఆమె వెనక్కి తిరిగి యాకూబ్‌ను అడిగింది. "ఏం పని చేస్తవ్ కొడుకా?"

"దర్జీ పని అమ్మా."

"మంచిగ కుడ్తవా?"

"ఏదో కుడ్త."

"ఏదో కుట్టుడేంది? తెల్వక అడుగుతున్న, కుట్టొస్తదా, రాదా?"

"వస్తది."

"గట్ల చెప్పు. మేము మట్టి ఎత్తుతం. ఏదో ఎత్తుతమంటే మేస్త్రి ఉంచుకుంటడా?"

యాకూబ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కల్వకుర్తిలో ఎల్లమ్మ దిగిపోయింది. జడ్చర్ల దాకా నేనేమన్నా అతడు ఇటు తిరగలేదు. మామూలుగా అయితే నా మాటలకు తలైనా ఊపుతాడు.

మహబూబ్‌నగర్, శుక్రవారం

శిబిరం ఒక పెళ్లిళ్ల హాల్లో పెట్టారు. నడిపేది సులోచన మేడం. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నేత చీర, మెడలో తాడుకు కట్టిన కళ్లద్దాలు. మనిషికి నూట యాభై.

"ఇద్దరం వచ్చినం మేడం. రెండు వందలు చేసుకోండ్రి," అన్నాను.

"నూట యాభై," అంది ఆమె. నవ్వుతూ చూస్తోంది.

నేను మొహం అదోలా పెట్టాను. ఫ్యాను ఒకటి కిరకిరమంటోందన్నాను. కుర్చీలు ఇనుపవన్నాను. మధ్యాహ్నం భోజనం ఉందో లేదో కరపత్రంలో రాయలేదన్నాను.

"అన్నీ నిజమే. భోజనం లేదు. నూట యాభై," అని మళ్లీ నవ్వుతూ చూసింది. కోపం లేదు, సంజాయిషీ లేదు. అట్లా చూస్తూ ఉండేవాళ్లతో ఏం చేయాలో మా నాయిన నేర్పలేదు. మూడు వందలు తీసి ఇచ్చాను. ఇచ్చేముందు రెండుసార్లు లెక్కపెట్టాను.

లోపల నలభై మంది దాకా ఉన్నారు. టీచరు ట్రైనింగు పిల్లలు, ఇన్‌స్పెక్టరు ముందు నోరు పెగలని ఒక కానిస్టేబులు, అత్తగారి ఊళ్లో గాజుల దుకాణం పెట్టాలనుకునే ఒక కోడలు. ఒక్కొక్కరూ లేచి తమ పేరు, తమకు బాగా వచ్చిన పని ఒకటి చెప్పాలన్నారు. యాకూబ్ వంతు వచ్చినప్పుడు నేను లేచి చెప్పాను. "పేరు యాకూబ్, ఆలేరు, దర్జీ." తర్వాత ఆమె ఏదో అడిగింది. దానికీ నేనే చెప్పాను. మధ్యాహ్నం కావస్తుంటే యాకూబ్ నా మోచేయి తట్టాడు.

"సేటు, జుమ్మా నమాజు టైమైతాంది. మీరే అడుగుండ్రి."

నేను లేచి నిలబడ్డాను. "మేడం, నమాజుకు పోవాలె."

"ఎవరికి?"

"ఇతనికి."

"మరి మీరెందుకు లేచారు?"

హాలంతా నవ్వింది. యాకూబ్ నెమ్మదిగా లేచి, నేల చూస్తూ, "నేను నమాజుకు పోయొస్త," అన్నాడు. అంతే. ఆమె పోయి రమ్మంది. అతడు తలుపు దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు, ఇంత తేలికా అన్నట్టు.

సాయంత్రం ఆమె నన్ను పిలిచి, 'నేడు మాట్లాడను' అని రాసిన అట్టముక్క ఒకటి దారం కట్టి ఇచ్చింది. "రేపు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇది మీ మెడలో ఉండాలి. శిబిరం ఒంటిగంటకే అయిపోతుంది. మిగతా పూటంతా మీ ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడతారు."

"ఇది ఆయనకు పెట్టే పరీక్షనా, నాకా మేడం?"

"మందు ఇద్దరికీ ఒకటే," అంది.

మాట లేని శనివారం

ఒంటిగంటకు ఆకలితో బయటపడ్డాం. యాకూబ్ హోటల్లో కూర్చుని, నా మొహం చూసి, గొంతు సవరించుకుని, "నాకు జొన్నరొట్టె, కోడికూర. సేటుకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు," అన్నాడు. మా దిక్కు మూడు పూటలా అన్నమే. ఇక్కడ జొన్నరొట్టె పళ్లెమంత వెడల్పు, కాగితమంత పలచన. ఆరు తిన్నాను. ఉల్లిగడ్డ కావాలని ఉంది, అడగడానికి వీల్లేదు. వేలు చూపిస్తే సర్వరు పచ్చిమిరపకాయ తెచ్చి పెట్టాడు.

గడియార స్తంభం దగ్గర ఒక అవ్వ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది. పెద్దవి, కళ్లు విచ్చుకున్నవి. డజను పది రూపాయలంది. నేను అలవాటుగా ఒక పండు తీసి, మొహం అదోలా పెట్టి, దాన్ని తిరిగి గంపలో వేసి, ఆరు వేళ్లు చూపించాను.

"అయ్యో, మూగోడా నాయినా?" అని అవ్వ యాకూబ్‌ను అడిగింది.

యాకూబ్ నా మెడలో అట్ట చూశాడు, అవ్వను చూశాడు. "గీ ఒక్క రోజే అవ్వా," అన్నాడు.

అవ్వకు అది అర్థం కాలేదు. అయినా డజను పది రూపాయలకే ఇచ్చి, జాలికి పైన రెండు వేసింది. ముప్పై ఏళ్లుగా బేరమాడుతున్నాను, మాట్లాడకుండా ఇంత లాభం ఎన్నడూ రాలేదు.

అసలు పరీక్ష చీరల దగ్గర. నారాయణపేట చీరలు ఇరవై తీసుకోవాలి. టోకు దుకాణం సేటు ముందేసిన మూటలోంచి నేనైతే పైనున్నవి తీసి ధర దించడంలో పడేవాణ్ణి. యాకూబ్ ధర అడగలేదు. ఒక్కొక్క చీర విప్పి, అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టాడు.

"గీ అంచు గుంజుకున్నది. రెండు ఉతుకులైతే ముడుతలొస్తయి. పక్కకు వెట్టుండ్రి. గిది మంచిగుంది. గిది కూడ." ఇరవై ఏరడానికి గంటన్నర పట్టింది. తర్వాత యాకూబ్ టోకు సేటు చెప్పిన ధరలో చీరకు రెండు రూపాయలే తగ్గించాడు. నేనైతే ఆరు తగ్గించేవాణ్ణి. అడ్డుపడదామంటే మెడలో అట్ట ఉంది. ఊరికి వచ్చాక ఆ ఇరవైలో ఒక్కటీ తిరిగి రాలేదని, దీపావళి లోపలే అన్నీ అమ్ముడుపోయాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం లాడ్జికి పోయేదాకా అతని మొహం చూడలేదు.

పొద్దుగూకింది. అట్ట తీశాను. "గంత ధర పెడ్తరా యాకూబ్!" అన్నాను. నా మొదటి మాట అదే.

"పని మంచిగుంది సేటు," అన్నాడు యాకూబ్.

అంగీ విప్పిన ఆదివారం

చివరి రోజు సులోచన మేడం యాకూబ్‌ను ముందుకు పిలిచింది. నన్నూ పిలిచి, అంగీ విప్పమంది. నేను తొడుక్కున్న చారల అంగీ యాకూబ్ కుట్టిందేనని పొద్దున నేనే ఆమెతో అన్నాను. నలభై మంది ముందు బనియనుతో నిలబడ్డాను. ఆ బనియనుకు భుజం దగ్గర చిల్లు ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. బట్టల దుకాణం యజమానిని.

ఆమె అంగీని లోపలి పక్క బయటికి తిప్పి యాకూబ్ చేతికిచ్చింది. "ఇది మీరు కుట్టింది కాదనుకోండి. వేరే ఊరి దర్జీ ఎవరో కుట్టాడు. మీరు చూసి చెప్పాలి, పనివాడా కాదా."

యాకూబ్ దాన్ని వెలుతురుకు పెట్టాడు. తర్వాత వేళ్లు వాటంతటవి కదిలాయి. "కుట్టు ఎక్కడ సాగలే. భుజం లోపలి అంచు మడిచి కుట్టిండు, గిట్ల కుడితే ఏండ్లకేండ్లు వస్తది. కాలరు మొనలు రెండు ఒక్క తీరున్నయి." అంగీ తిప్పి జేబు చూపించాడు. "గీ చార చూడుండ్రి. అంగీ మీది చార జేబు మీదికొచ్చి మల్ల కిందికి పోతాంది, ఎక్కడ తెగలే. జేబున్నదని కూడ తెల్వది. గిట్ల కలపాలంటే గుడ్డ కోసేటప్పుడే మనసుల ఉండాలె." ఆ గొంతు నేను పన్నెండేళ్లలో వినలేదు. కానిస్టేబులు కుర్చీలోంచి ముందుకు వంగి జేబు చూశాడు.

"పనివాడేనా?"

"పనోడే మేడం."

"అట్లాంటివాణ్ణి కటింగ్ మాస్టరుగా పెట్టుకోవాలంటే నెలకెంత ఇవ్వాలి?"

"రెండు వేలకు తక్కువైతే దొరకడు." అనేశాడు. చేతిలో అంగీని మళ్లీ చూశాడు.

"మరి మీకు 'ఏదో కుడతాను' అనడం ఎవరు నేర్పారు?"

యాకూబ్ అంగీ కాలరు సర్ది నా చేతికిచ్చాడు. నా మొహం చూడలేదు. చూడనవసరం లేదు. ప్రతి శనివారం అతని కూలి చేతిలో పెట్టేముందు కుట్టిన బట్టల్లోంచి ఒకటి తీసి, మొహం అదోలా పెట్టి, ఒక దారప్పోగు లాగి చూపించేవాణ్ణి. "ఇదేంది యాకూబ్?" అనేవాణ్ణి. కూలి పెంచమని అడగకుండా ఉండటానికి. వస్తువును చూసి లోపం చెప్పడం నాకు వచ్చిన విద్య. మనిషి కూడా వింటున్నాడని ఎప్పుడూ అనుకోలేదు.

అంగీ తిరిగి తొడుక్కున్నాను. తొందరలో గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాను. యాకూబే వచ్చి సరిచేశాడు.

షాద్‌నగర్, సోమవారం

ఫ్యాక్టరీ షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కనే. పొద్దున షిఫ్టుకు వచ్చేవాళ్ల సైకిళ్లు, టిఫిన్ డబ్బాల చప్పుడు. మేనేజరు యాకూబ్‌కు గుడ్డ, కత్తెర ఇచ్చాడు. యాకూబ్ కోసిన ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, తల ఊపి, మమ్మల్ని గదిలోకి పిలిచాడు.

"ఎంత అనుకుంటున్నవ్?"

"రెండు వేలు," అన్నాడు యాకూబ్. "శుక్రవారం నమాజుకు గంట."

మేనేజరు పెన్ను తిప్పుతూ ఊరుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. యాకూబ్ ఊరుకున్నాడు. బేరంలో అంతసేపు ఖాళీ నేను ఎన్నడూ వదల్లేదు. నేను వచ్చిందే మాట్లాడటానికి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పద్దెనిమిది వందలైనా పర్వాలేదు సార్..."

ఎవరి తరఫున మాట్లాడానో నాకే తెలియలేదు. యాకూబ్ తరఫున పోయి యాకూబ్ ధరే దించాను. మేనేజరు నా వైపు చూసి, "నువ్వెవరు?" అన్నాడు.

"మా సేటు, సార్," అన్నాడు యాకూబ్. "ధర తగ్గించుడు ఆయన అలవాటు, ఏమనుకోకుండ్రి. నా ధర నేను చెప్పిన."

మేనేజరుకు నవ్వొచ్చింది. మొదటి మూడు నెలలు పంతొమ్మిది వందలు, తర్వాత రెండు వేలు, శుక్రవారం గంట ఇస్తామన్నాడు. యాకూబ్ అయిదు నిమిషాలు టైమడిగి బయటికొచ్చాడు.

గేటు ఎదుట చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఇతడు నిలుస్తాడని, నిజంగా పోతాడని, నాకు అప్పుడే తెలిసింది. "యాకూబ్, ఇక్కడ కిరాయి ఇల్లు, ఖర్చులు. ఆలోచించు. అరుగు మీదనే ఉండు. కూలి మొత్తం నువ్వే తీస్కో. నాకేమొద్దు. దుకాణం మీద నీ పేరు బోర్డు కూడ పెడ్త," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ మాటలో ఒక్క బేరం లేదు.

యాకూబ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కోపంగా లేడు.

"గీ మాట అననీకి షాద్‌నగర్ దాంక రావాల్నా సేటు?"

నేను లోపాలు వెతకడంలో దిట్టను. ఆ ప్రశ్నలో ఒక్కటీ దొరకలేదు. "పో," అన్నాను. "అయిదు నిమిషాలైతయి, పో."

అతడు గేటు దాటి లోపలికి వెళ్లాడు. చాయ్‌వాడు రెండు చాయ్‌లకు మూడు రూపాయలన్నాడు. ఆలేరులో రెండే. ఏమీ అనకుండా ఇచ్చాను. నా కళ్లు గేటు మీదే ఉన్నాయి, అంతకుమించి అందులో నా మంచితనమేమీ లేదు.

మళ్లీ ఆలేరు

ఆ పై ఆదివారం సెలవు దొరికి యాకూబ్ మిషను తీసుకుపోవడానికి వచ్చాడు. రజియా, పిల్లలు అప్పటికే సామాను కట్టుకుని ఉన్నారు. బజారు బజారంతా మా అరుగు దగ్గర పోగైంది. పక్కింటి కిరాణం వాళ్లు బెల్లం ముక్కలు తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టారు. మిషను కాళ్ల బల్ల నేనే తుడిచి, తాడు కట్టి, బస్టాండు దాకా తోడు వెళ్లాను.

బస్సు పైకి ఎక్కించడానికి హమాలీ పదిహేను రూపాయలడిగాడు. నేను వెంటనే మొహం పెట్టాను. మిషను పాతదన్నాను, బల్ల తేలికన్నాను, నిచ్చెన నాలుగు మెట్లే కదా అన్నాను. పదికి దించాను. హమాలీ ఎగాదిగా చూసి ఒప్పుకుని, రొప్పుతూ ఎక్కించి దిగాడు. పోయే మనిషికి అయిదు రూపాయలు మిగిల్చానని సంతోషంగా యాకూబ్ వైపు తిరిగాను.

యాకూబ్ జేబులోంచి పదిహేను తీసి హమాలీ చేతిలో పెట్టాడు.

"బరువున్నది సేటు," అన్నాడు. "ఇన్నేండ్లు దినాం పొద్దుగాల బయట పెట్టి, పొద్దుగూకినంక లోపల పెట్టింది నేను. నాకెర్క."